మోటర్‌హోమ్ వెనక జీపు: నాలుగు చక్రాల మీద భద్రంగా లాక్కెళ్లడం ఎలా

డాలస్ చుట్టుపక్కల ఆర్వీ (పడక, వంటగది ఉండే మోటర్‌హోమ్) కొన్న మనవాళ్లు ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుంది: "అన్నా, వెనకాల జీపు ఎలా కడతావు? నాకూ ఒకసారి చూపించవా?" చూపించడానికి పావుగంట చాలు. కానీ ఆ పావుగంటలో ఇరవై చిన్న పనులుంటాయి. అన్నీ తెలిసినవాడే ఒకటి మర్చిపోతాడు. మర్చిపోయింది ఏదన్నదాన్ని బట్టి టైరు పోవచ్చు, గేర్‌బాక్స్ పోవచ్చు, మనిషే పోవచ్చు. అందుకే మొత్తం వరసగా రాసి పెడుతున్నాను.

నాది ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టిన 31 అడుగుల క్లాస్ సి (ముందు వ్యాన్ క్యాబిన్ ఉంచి వెనక ఇల్లు కట్టిన రకం) మోటర్‌హోమ్. వెనక వచ్చేది నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్. కింద చెప్పేదంతా జీపు నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి టో బార్‌తో (రెండు బండ్లనూ కలిపే ఇనప చేతుల జత) లాగే పద్ధతి గురించి. ఇక్కడ దీన్ని ఫ్లాట్ టోయింగ్ అంటారు. వెనకబండిని ముద్దుగా టోడ్ అంటారు.

ఒకటి ముందే చెప్పాలి. మీది అద్దె ఆర్వీ అయితే ముందు ఒప్పందం చదవండి. చాలా అద్దె ఒప్పందాల్లో వెనక ఏదీ కట్టకూడదని ఉంటుంది.

## 1. మీ బండి దీనికి పనికొస్తుందా?

వెనక 4x4 అని స్టిక్కర్ ఉంటే చాలదు. ట్రాన్స్‌ఫర్ కేస్‌కు (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే భాగం) సొంతంగా న్యూట్రల్ ఉండాలి. గేర్ లివర్‌లో ఉండే న్యూట్రల్ వేరు, ఇది వేరు. రాంగ్లర్‌లో పెద్ద లివర్ పక్కన చిన్న లివర్ ఒకటి ఉంటుంది: 2హెచ్ (రెండు చక్రాలకు శక్తి), 4హెచ్ (నాలుగింటికీ), ఎన్ (న్యూట్రల్), 4ఎల్ (నాలుగింటికీ, బాగా నెమ్మది గేరు). ఊళ్లో మహీంద్రా థార్ నడిపినవాళ్లకు ఈ చిన్న లివర్ కొత్తేమీ కాదు.

ఆ న్యూట్రల్ ఎందుకంటే, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపును తిప్పేది ఇంజనే. ఇంజన్ ఆపేసి బండిని లాగితే చక్రాలతో పాటు గేర్‌బాక్స్ లోపలి భాగాలూ తిరుగుతాయి, ఆయిల్ మాత్రం అందదు. అలా పోతూ ఉంటే లోపల కాలిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే చక్రాల తిరుగుడు అక్కడితో ఆగుతుంది, గేర్‌బాక్స్ దాకా రాదు.

ఇక మన ఇళ్ల ముందు ఎక్కువగా కనబడే బండ్లు చూద్దాం: ఇప్పటి టయోటా హైలాండర్, ఆర్ఏవీ4, సియెన్నా, హోండా ఒడిస్సీ, టెస్లా మోడల్ వై. వీటిలో ఏదీ ఇలా లాగడానికి కుదరదు. హోండా సీఆర్-వీని 2014 మోడల్ దాకా లాగేవాళ్లు. 2015లో సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు లేని) గేర్‌బాక్స్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. టయోటా 4రన్నర్ చూడ్డానికి జీపుకు అన్నలా ఉంటుంది కానీ అదీ పనికిరాదు.

ముందు చక్రాలు మాత్రం ఎత్తి పెట్టే టో డాలీ ఫోర్ వీల్ డ్రైవ్ బండికి వద్దు. ముందు చక్రాలు కదలకుండా వెనకవి తిరిగితే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది. ఫ్లాట్ టోయింగ్ కుదరకపోతే నాలుగు చక్రాలూ ఎక్కే ట్రైలరే దారి.

ఓనర్స్ మాన్యువల్‌లో "రిక్రియేషనల్ టోయింగ్" అనే భాగం ఉంటుంది. మీ మోడల్‌కు, మీ సంవత్సరానికి, మీ గేర్‌బాక్స్‌కు అక్కడ ఏం రాశారో అదే ఆఖరిమాట. షోరూంలో సేల్స్‌మన్ "ఓ, ష్యూర్" అంటాడు. పేజీ తీసి చూపించమనండి.

## 2. బరువు లెక్క

మూడు అంకెలు రాసి పెట్టుకోండి.

- జీసీడబ్ల్యూఆర్: మోటర్‌హోమ్, వెనకబండి, లోపలి మనుషులు, సామాను అన్నీ కలిపి దాటకూడని బరువు. నా బండికి 22,000 పౌండ్లు.
- జీవీడబ్ల్యూఆర్: మోటర్‌హోమ్ ఒక్కటే దాటకూడని బరువు. నాది 14,500.
- హిచ్ రేటింగ్: హిచ్ అంటే మోటర్‌హోమ్ వెనక టో బార్ తగిలించే చోటు, రేటింగ్ దాని మీదే స్టిక్కర్‌లో ఉంటుంది. నాది 5,000.

ఇప్పుడు అసలు తూకం. బ్రోషర్‌లో రాసిన ఖాళీ బండి బరువు ఎందుకూ పనికిరాదు. ట్యాంకు నింపి, నీళ్లు పట్టి, పిల్లల్ని ఎక్కించి, బియ్యం మూటతో సహా వెళ్లి హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద నిలబెట్టండి. కొద్ది డాలర్లతో చీటీ చేతికొస్తుంది.

మా చీటీలో మోటర్‌హోమ్ 13,940, జీపు 4,620. కలిపితే 18,560. జీసీడబ్ల్యూఆర్‌కు ఇంకా 3,440 పౌండ్లు ఉంది కదా అని నేను తెగ సంబరపడ్డాను. తర్వాత హిచ్ స్టిక్కర్ చూశాను. 5,000 నుంచి 4,620 తీసేస్తే జీపులో మిగిలింది 380 పౌండ్లే. ఆ రోజు నుంచి మడత కుర్చీలు, టూల్ బాక్స్, నీళ్ల కేసులు జీపు వెనక పడేయడం మానేశాం.

హిచ్, టో బార్, బేస్‌ప్లేట్ (జీపు ముందు బిగించే చట్రం), మధ్యలో ఎత్తు సరిచేసే అడాప్టర్, ప్రతిదానికీ సొంత రేటింగ్ ఉంటుంది. వాటిలో అన్నిటికన్నా తక్కువది ఏదో అదే మీ హద్దు. అడాప్టర్ రేటింగ్ చాలామంది చూడనే చూడరు.

## 3. కావలసిన సామాను

బేస్‌ప్లేట్. జీపు ముందు చాసిస్‌కు బిగించే ఇనప చట్రం. టో బార్ దీనికే తగులుతుంది. బంపర్ విప్పి చేసే పని, బోల్టులు చెప్పినంత టార్క్‌తో బిగించాలి. చేతనైతే మీరే చేసుకోవచ్చు, కానీ తేడా వస్తే జీపే ఊడిపోతుంది. నేను షాపులో చేయించాను. ఎవరు బిగించినా మొదటి ట్రిప్పు తర్వాత బోల్టులు మళ్లీ చూసుకోవాలి.

టో బార్. బ్లూ ఆక్స్, రోడ్‌మాస్టర్, డెమ్కో ఎక్కువగా దొరుకుతాయి. మోటర్‌హోమ్ వైపే ఉండిపోయే రకం కొనండి. చేతులు రెండూ జరిగి వాటంతటవే సర్దుకుని లాక్ అవుతాయి, జీపును అంగుళం తేడా లేకుండా నిలబెట్టక్కర్లేదు. బేస్‌ప్లేట్, టో బార్ ఒకే కంపెనీవి తీసుకుంటే అడాప్టర్ల గోల ఉండదు.

సేఫ్టీ కేబుళ్లు రెండు. ఒక్కోటి జీపు బరువుకు సరిపోయే రేటింగ్ ఉండాలి.

లైట్ల వైరు. మోటర్‌హోమ్ బ్రేకు, ఇండికేటర్, టెయిల్ లైట్లు జీపు వెనకా వెలగాలి. జీపు లైట్లలోకే కలుపుతుంటే మధ్యలో డయోడ్లు ఉండాలి, లేకపోతే కరెంటు వెనక్కి పోయి జీపు ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి.

అదనపు బ్రేకు (మీరు బ్రేకు తొక్కితే జీపు బ్రేకూ వేసేది), బ్రేక్‌అవే స్విచ్ (జీపు ఊడిపోతే తాడు పిన్నును లాగి జీపు బ్రేకు వేసేది). వీటికి కింద వేరే భాగం ఉంది.

టైర్ ప్రెషర్ సెన్సర్లు. జీపు టైరు దిగిపోతే మోటర్‌హోమ్ స్టీరింగ్‌లో మీకు ఏమీ తెలియదు. రిమ్ము మీద మైళ్లకు మైళ్లు పోతారు. అందుకే జీపు చక్రాలకు సెన్సర్లు బిగించి, స్క్రీన్ మీ డాష్‌బోర్డు మీద పెట్టుకోవాలి.

ఎత్తు విషయం మర్చిపోవద్దు. టో బార్ దాదాపు నేలకు సమాంతరంగా ఉండాలి. సమతలం మీద నిలబెట్టి నేల నుంచి హిచ్ మధ్యకు, నేల నుంచి బేస్‌ప్లేట్ కొక్కేల మధ్యకు కొలవండి. తేడా 3 అంగుళాలు దాటితే ఎత్తు సరిచేసే అడాప్టర్ కావాలి. టో బార్ బాగా వాలుగా ఉంటే గట్టి బ్రేకు కొట్టినప్పుడు జీపు మోటర్‌హోమ్ కిందికి దూరాలని చూస్తుంది, లేదా పైకి ఎక్కాలని చూస్తుంది. లిఫ్ట్ కిట్ వేసి ఎత్తు పెంచిన జీపులకు ఈ బాధ ఎక్కువ.

## 4. తగిలించే క్రమం

చోటు చదునుగా, తిన్నగా ఉండాలి. వాలు మీద అసలు మొదలుపెట్టొద్దు. మా ఇంట్లో ఈ పని ఇద్దరం చేస్తాం: జీపులో మా ఆవిడ, బయట నేను. ఎవరి పని వాళ్లదే, మధ్యలో మార్చుకోం.

1. మోటర్‌హోమ్ పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపండి.
2. జీపును నెమ్మదిగా మోటర్‌హోమ్ వెనక్కి తెచ్చి నాలుగైదు అడుగుల దూరంలో ఆపండి. జీపు కదులుతున్నంతసేపూ రెండు బండ్ల మధ్య ఎవరూ నిలబడొద్దు. చెయ్యి చూపించేవాళ్లు పక్కన నిలబడాలి.
3. జీపు పార్క్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి.
4. టో బార్ చేతులు లాగి బేస్‌ప్లేట్‌కు తగిలించండి. పిన్నులు, వాటి క్లిప్పులు. పిన్ను పెట్టగానే క్లిప్పు పెట్టాలి, తర్వాత పెడదాం అనుకున్న క్లిప్పు తర్వాత గుర్తురాదు.
5. సేఫ్టీ కేబుళ్లు టో బార్ కింద నుంచి అడ్డంగా ఒకదానిమీదొకటి వేసి తగిలించండి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. టో బార్ ఊడినా కేబుళ్లు దాన్ని ఉయ్యాలలా పట్టుకుంటాయి.
6. లైట్ల వైరు కలపండి.
7. బ్రేక్‌అవే తాడు తగిలించండి. ఇది మోటర్‌హోమ్ చాసిస్‌కే కట్టాలి. హిచ్‌కు గానీ టో బార్‌కు గానీ కడితే, హిచ్ ఊడినప్పుడు తాడూ దాంతోనే పోతుంది, పిన్ను లాగడానికి ఏమీ మిగలదు. మలుపుల్లో బిగుసుకోనంత వదులు ఉండాలి, నేలకు రాసుకోకూడదు.
8. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్, ఆ తర్వాత అదనపు బ్రేకు. ఈ రెంటికీ కింద రెండు భాగాలు.
9. హ్యాండ్ బ్రేకు తీయండి.
10. మోటర్‌హోమ్‌ను నడక వేగంతో ముందుకు పోనిస్తూ కొంచెం ఎడమకు, కొంచెం కుడికి తిప్పండి. టో బార్ చేతులు రెండూ "టక్" మని లాక్ అవుతాయి. దిగి కళ్లతో చూడండి.

## 5. న్యూట్రల్ దగ్గర తొందర వద్దు

ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లోకి వెళ్లిన క్షణం నుంచి జీపును పార్క్ ఆపలేదు. గేర్ లివర్ "పి"లో ఉంటుంది, తాళం జేబులో ఉంటుంది, బండి మాత్రం స్వేచ్ఛగా దొర్లుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఇది మనసుకు ఎక్కదు. పార్క్ ఆపేది గేర్‌బాక్స్‌ను, గేర్‌బాక్స్‌కూ చక్రాలకూ సంబంధం తెంచేసింది మనమే. హ్యాండ్ బ్రేకు వేయకుండా దిగి జీపు ముందు నిలబడితే రెండు బండ్ల మధ్య నలిగిపోతారు.

అందుకే నేను టో బార్ తగిలించాకే న్యూట్రల్ చేస్తాను. ముందు న్యూట్రల్, తర్వాత తగిలించమని మీ మాన్యువల్ చెబితే అలాగే చేయండి, హ్యాండ్ బ్రేకు మాత్రం గట్టిగా వేయండి.

ఆటోమేటిక్ రాంగ్లర్‌లో వరస ఇది:

1. ఇంజన్ స్టార్ట్ చేసి, కాలు బ్రేకు మీద గట్టిగా.
2. గేర్ న్యూట్రల్‌లోకి.
3. చిన్న లివర్‌ను "ఎన్"లోకి లాగండి. మధ్యలో ఆగిపోయినట్టుంటే వదిలేయొద్దు, పూర్తిగా వెళ్లాలి.
4. గేర్ రివర్స్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు తీసి ఐదు సెకన్లు చూడండి. బండి కదలకూడదు.
5. డ్రైవ్‌లో పెట్టి మళ్లీ అంతే. ఇప్పుడూ కదలకూడదు.
6. గేర్ న్యూట్రల్‌కు తెచ్చి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపండి.
7. గేర్ పార్క్‌లోకి. మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే ఏదో ఒక ముందు గేర్‌లో ఉంచాలి.

నాలుగు, ఐదు పనులు చేసేటప్పుడు హ్యాండ్ బ్రేకు తీసి ఉండాలి, లేకపోతే ఆ పరీక్షకు అర్థం లేదు. జీపు టో బార్‌కు కట్టేసి ఉంది కాబట్టి ఎక్కడికీ పోదు. కొంచెం కదలాలని చూసినా న్యూట్రల్ సరిగ్గా పడలేదన్నమాట.

ఈ పరీక్ష మానేసినవాడికి ఏమవుతుందో ఒక లెక్క చెప్తాను. "ఎన్" పక్కనే 4ఎల్ ఉంటుంది. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న రాంగ్లర్ రూబికాన్‌లో 4ఎల్, ఫస్ట్ గేర్ కలిస్తే చక్రం ఒకసారి తిరిగేటప్పటికి ఇంజన్ 84 సార్లు తిరగాలి. 33 అంగుళాల టైరు 60 మైళ్ల వేగంలో నిమిషానికి సుమారు 610 సార్లు తిరుగుతుంది. గుణించండి, 51 వేలు దాటింది. ఆ ఇంజన్ తట్టుకునేది ఆరున్నర వేలకు అటూఇటూ. ఆ 51 వేలకు చేరేలోపే క్లచ్చో ఇంజనో ముక్కలవుతుంది, నడిపేవాడికి ముందు సీట్లో పాట వినిపిస్తూనే ఉంటుంది.

తాళంచెవితో నడిచే పాత జీపుల్లో స్టీరింగ్ లాక్ పడకుండా తాళం సరైన స్థానంలో ఉంచాలి. మలుపుల్లో జీపు ముందు చక్రాలు వాటంతటవే తిరగాలి కదా. స్టీరింగ్‌ను చేత్తో కాస్త అటూఇటూ తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

## 6. అదనపు బ్రేకు

"మోటర్‌హోమ్ బ్రేకులు సరిపోవా?" అని అందరూ అడుగుతారు. సరిపోవు. ఆ బ్రేకుల్ని తయారుచేసింది మోటర్‌హోమ్ ఒక్కదాని బరువుకు, వెనకనుంచి ఇంకో రెండు టన్నులు తోస్తుంటే ఆపడానికి కాదు. చట్టం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, చాలాచోట్ల 3,000 పౌండ్లు దాటితే తప్పనిసరి. రాంగ్లర్ ఎలాగూ దాటుతుంది కాబట్టి లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా పెట్టించండి.

రెండు రకాలు. జీపు లోపల శాశ్వతంగా బిగించేవి ఒకటి: ఖర్చు ఎక్కువ, తర్వాత ప్రతిసారీ పని తక్కువ. డ్రైవర్ సీటు ముందు పెట్టి పెడల్‌కు తగిలించే పెట్టె రెండోది: చవక, కానీ ప్రతిసారీ సర్దాలి. నాది పెట్టె. ఇప్పుడు కొంటే మొదటిదే కొంటాను.

పెట్టె పెట్టే పద్ధతి:

1. ఇంజన్ ఆపాక జీపు బ్రేకు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడేదాకా. బూస్టర్‌లో (పెడల్ నొక్కుడుకు బలం చేర్చే భాగం) వాక్యూం మిగిలితే పెట్టె కొంచెం నొక్కినా బ్రేకు అతిగా పడుతుంది.
2. పెట్టెను సీటుకు ఆనించి, దాని చెయ్యి పెడల్‌కు తగిలించండి. పెడల్‌ను పట్టుకోవాలి, నొక్కకూడదు.
3. కరెంటు పెట్టి, దాని సెటప్ పూర్తయ్యేదాకా ఆగండి.
4. బ్రేక్‌అవే పిన్ను ఒకసారి లాగి చూడండి. పెడల్ కిందికి పోవాలి. పిన్ను మళ్లీ పెట్టండి.
5. మోటర్‌హోమ్‌లో దీని సిగ్నల్ దీపం బ్రేకు తొక్కినప్పుడు వెలిగి, వదిలినప్పుడు ఆరాలి.

రెండో పనిలో "నొక్కకూడదు" అన్నది నేను డబ్బులు పెట్టి నేర్చుకున్న మాట. మొదటి ట్రిప్పులో యూఎస్-287 మీద అమరిల్లో వైపు పోతూ చిల్డ్రెస్‌లో ఆగాం. దిగగానే కాలిన క్లచ్ లాంటి వాసన. ట్రక్కుదేమో అనుకున్నాను. జీపు ముందుచక్రం దగ్గరికి వంగితే ముఖానికి వేడి కొట్టింది. మా అబ్బాయి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే డిస్కు 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి చూపించింది. పెట్టెను సీటుకు మరీ బిగించి పెట్టాను, 200 మైళ్లు బ్రేకు కొద్దిగా పట్టుకునే ఉంది. ప్యాడ్లు, డిస్కులు రెండువైపులా మార్చాల్సి వచ్చింది. ఆ సిగ్నల్ దీపం దారంతా సన్నగా వెలుగుతూనే ఉంది, అలాగే ఉంటుందేమో అనుకున్నాను.

పెట్టె జీపు బ్యాటరీ మీద నడుస్తుంది. రోజంతా నడిపితే సాయంత్రానికి జీపు స్టార్ట్ కాదు. మోటర్‌హోమ్ నుంచి జీపు బ్యాటరీకి చార్జింగ్ వైరు వేయించుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

## 7. కదిలే ముందు ఒక చుట్టు

కాగితం మీద రాసుకుని మోటర్‌హోమ్ సన్ వైజర్‌కు తగిలించండి. చుట్టు తిరిగేటప్పుడు చదువుతూ, ప్రతిదాన్నీ చేత్తో తాకాలి.

- హిచ్ పిన్ను, క్లిప్పు
- టో బార్ పిన్నులు రెండు, క్లిప్పులు రెండు
- చేతులు రెండూ లాక్
- కేబుళ్లు అడ్డంగా, నేలకు తగలకుండా
- వైరు కలిసి ఉంది. ఎడమ, కుడి, బ్రేకు లైట్లు ఒకరు వెనక నిలబడి చూశారు
- బ్రేక్‌అవే తాడు చాసిస్‌కు
- చిన్న లివర్ "ఎన్"
- హ్యాండ్ బ్రేకు తీసి ఉంది
- స్టీరింగ్ తిరుగుతోంది
- టైర్ల గాలి
- జీపు తాళం ఎవరి దగ్గరుందో తెలుసు

క్యాంప్‌గ్రౌండ్‌లో ఈ పని చేస్తుంటే ఎవరో ఒకరు పలకరింపుగా వస్తారు. "వేర్ యూ ఫ్రమ్?" అని మొదలవుతుంది. మర్యాదగా నవ్వి, రెండు నిమిషాలు మాట్లాడి, తర్వాత చుట్టు మొదటినుంచి మొదలుపెట్టండి. ఆగినచోట నుంచి కాదు. హ్యాండ్ బ్రేకు వేసే ఎన్నో జీపులు ఇలాగే రోడ్డెక్కాయి.

మొదటి ఐదు పది మైళ్లలో ఒకచోట ఆగి మళ్లీ చూడండి. తర్వాత పెట్రోలుకు ఆగిన ప్రతిసారీ. నాలుగు చక్రాల వేడీ థర్మామీటర్‌తో చూస్తే చాలు, మూడు ఒకలా ఉండి ఒకటి ఎక్కువుంటే అక్కడేదో ఉంది.

## 8. రోడ్డు మీద

రివర్స్ లేదు. ఇది మొదటి సూత్రం. వెనక్కి తోస్తే జీపు ముందు చక్రాలు పక్కకు తిరిగిపోయి టో బార్ వంగుతుంది, బేస్‌ప్లేట్ చీలుతుంది. రెండడుగులే కదా అని కూడా వద్దు. ఇరుక్కుంటే విప్పాల్సిందే.

కాబట్టి దూరేముందు బయటికి దారి చూసుకోవాలి. మాది మొత్తం 52 అడుగులు. విచిటా ఫాల్స్‌లో ఒక చిన్న గ్యాస్ స్టేషన్‌లోకి మలుపు తీసుకుని, ముందు కాంక్రీటు స్తంభం చూసి ఆగిపోయాను. విప్పుదామంటే మలుపులో ఉన్నందుకు టో బార్ చేతులు బిగుసుకుపోయాయి, పిన్ను రాదు. వెనక నాలుగు కార్లు హారన్లు. మా ఆవిడ కిటికీలోంచి, "ముందుకు ఒక్క జానెడు పోనివ్వండి, చూద్దాం" అంది. స్తంభానికి జానెడే ఉంది. పోనిస్తే ఒకవైపు వదులైంది, పిన్ను వచ్చింది. రెండోదానికి జీపు స్టీరింగ్ కొద్దిగా తిప్పాల్సి వచ్చింది. నలభై నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత నుంచి ఆర్వీ లేన్లున్న పెద్ద ట్రక్ స్టాపులే. బక్కీస్ అనే పెద్ద పెట్రోలు బంకుల్లో 18 చక్రాల లారీలను రానివ్వరు, ఆర్వీలను రానిస్తారు, స్థలం విశాలం. క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసేటప్పుడు పుల్-త్రూ సైటు (ఒకవైపు దూరి రివర్స్ లేకుండా రెండోవైపు బయటపడేది) అడగండి.

మలుపులు. కూడలి మధ్యదాకా తిన్నగా వెళ్లి అప్పుడు తిప్పండి. జీపు మీ వెనకచక్రాల కన్నా కొంచెం లోపలికి కోసుకుంటూ వస్తుంది.

వేగం. కాలిఫోర్నియాలో వెనక ఏదైనా లాగుతుంటే గంటకు 55 మైళ్లే. మిగతా రాష్ట్రాల్లో బోర్డు ఎంత చూపించినా నేను 62 దాటను. టెక్సస్‌లో అందరూ దాటేసి పోతారు, పోనివ్వండి.

దిగుడు. కొలరాడోలో వూల్ఫ్ క్రీక్ పాస్ 10,857 అడుగులు, దిగుడు 6.8 శాతం. అలాంటిచోట కొండ నెత్తిమీదే టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పటి గేర్ అమరిక) వేసి, కింది గేర్‌లోకి మార్చి, నెమ్మదిగా మొదలుపెట్టండి. ఇంజనే పట్టుకోవాలి. వేగం పెరిగితే బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి వదలండి. సన్నగా తొక్కిపట్టి ఉంచితే మోటర్‌హోమ్ బ్రేకులతో పాటు జీపు బ్రేకులూ కాలుతాయి, ఎందుకంటే పెట్టె కూడా అంతసేపూ తొక్కే ఉంటుంది.

సిల్వర్టన్ నుంచి యూరేకు పోయే యూఎస్-550 లాంటి అంచు గోడలు లేని రోడ్డు మీదికి ఈ బారు బండి తీసుకెళ్లొద్దు. విప్పి జీపులో వెళ్లండి. గ్లేషియర్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు కొండభాగంలో 21 అడుగులు దాటిన బండిని ఎలాగూ రానివ్వరు.

## 9. ఏదైనా తేడా కనబడితే

మోటర్‌హోమ్ వెనక కెమెరాలో చూస్తే జీపు అటూఇటూ ఊగుతోంది. వేగం మెల్లగా తగ్గించి ఆగండి. ముందు టైర్ల గాలి, తర్వాత టో బార్ ఎత్తు, తర్వాత జీపు ముందుభాగం స్టీరింగ్ కీళ్లు చూడండి. లిఫ్ట్ వేసిన జీపుల్లో స్టీరింగ్ డ్యాంపర్, ట్రాక్ బార్ అరిగి ఉండవచ్చు.

లైట్లు వెలగడం లేదు. పదిలో తొమ్మిదిసార్లు ప్లగ్గులో తుప్పు. గీకి, డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. కాకపోతే ఫ్యూజు.

హిచ్ దగ్గర టకటక. రిసీవర్‌లో (హిచ్‌లో టో బార్ దూరే గొట్టం) వదులు. బిగించే క్లాంపు దొరుకుతుంది.

ఒక టో బార్ చెయ్యి లాక్ కావడం లేదు. లోపల దుమ్ము. కంపెనీ చెప్పిన విధంగా కడిగి, చెప్పిన లూబ్రికెంటే వేయండి. మామూలు గ్రీజు పూస్తే దుమ్ము ఇంకా పడుతుంది.

## 10. విప్పడం

చదునైన చోట, రెండు బండ్లూ ఒకే గీతలో ఉండేలా ఆగండి. చివరి పదడుగులు తిన్నగా వచ్చి ఆగితే సగం పని అయినట్టే.

1. మోటర్‌హోమ్ పార్క్, పార్కింగ్ బ్రేకు.
2. జీపు హ్యాండ్ బ్రేకు. ఇది వేయకుండా ఒక్క పిన్ను కూడా ముట్టుకోవద్దు.
3. అదనపు బ్రేకు పెట్టె తీసేయండి.
4. కలిపి ఉండగానే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్ నుంచి బయటికి తేవాలి: కాలు బ్రేకు మీద, ఇంజన్ స్టార్ట్, గేర్ న్యూట్రల్, చిన్న లివర్ 2హెచ్‌లోకి. తర్వాత పార్క్, ఇంజన్ ఆఫ్.
5. బ్రేక్‌అవే తాడు, వైరు, కేబుళ్లు.
6. టో బార్ చేతుల లాక్ వదిలించి, పిన్నులు తీయండి. బిగుసుకుంటే సుత్తి వద్దు. విచిటా ఫాల్స్ వైద్యమే: మోటర్‌హోమ్ జానెడు ముందుకు, లేదా జీపు స్టీరింగ్ కొద్దిగా.
7. టో బార్ మడిచి, దాని తొడుగు వేయండి.
8. పిన్నులు, క్లిప్పులు, కేబుళ్లు ఒకే సంచిలో. విడి క్లిప్పులు నాలుగు ఎప్పుడూ ఆ సంచిలో ఉండాలి, గడ్డిలో పడితే దొరకవు.

జీపు స్టార్ట్ చేసి డ్రైవ్‌లో పెట్టినా కదలకపోతే కంగారుపడొద్దు, చిన్న లివర్ ఇంకా "ఎన్"లోనే ఉంది. యూరేలో ఒక పొద్దున అరగంట బానెట్ ఎత్తి చూశాక మా అబ్బాయి లివర్ చూపించాడు.